తలకిందులుగా దిగిన గుండ్లు

మరొకరు నింపిన తూటాని ఆర్డిస్ లుండీన్ తన పిస్తోలులో పెట్టదు. భర్త వెర్న్ బతికున్న రోజుల్లో తుపాకుల సంతలో చౌకగా దొరికాయని సంచీడు తూటాలు కొన్నాడు. ఎవరి చేతి నిర్లక్ష్యమో, ఒకదాంట్లో మందు రెండుసార్లు పడింది. పిస్తోలు చేతిలోనే పగిలి అతని చూపుడువేలు సగం పోయింది. వెర్న్ నవ్వేసి మర్చిపోయాడు. ఆర్డిస్ మర్చిపోలేదు. తూటాలు నింపే పాత ప్రెస్ ఒకటి కొని గ్యారేజీలో బల్లకి బిగించి, ఆ పని తానే నేర్చుకుంది. వెర్న్ గుండెజబ్బుతో పోయాక కూడా షూటింగ్ క్లబ్బు పోటీలకి ఆమె తూటాలు ఆమే నింపుకునేది.

అమెరికాలో ఐడహో రాష్ట్రపు గోధుమ గుట్టల్లో కోతయంత్రాలు బాగుచేస్తూ బతికిన మనిషి. అరవై దాటాక ఎడమచేతి బొటనవేలు నొప్పితో మొండికేసింది. ప్రెస్ పిడి లాగడం కష్టం కాదు. మందు పడిన ఇత్తడి గొట్టం మూతి మీద సీసపు గుండుని రెండు వేళ్లతో నిలబెట్టడమే ప్రాణసంకటమైంది.

“ఫీడర్ పెట్టుకోరాదూ? గుండ్లు గిన్నెలో పోస్తే చాలు, ఒక్కోటే అదే జారవిడుస్తుంది” అన్నాడు గేలెన్. ధాన్యం గిడ్డంగి నడిపేవాడు, క్లబ్బులో ఆమెకి పాత పోటీదారు.

“నా చెయ్యి పెట్టినదాన్నే నేను మళ్లీ చూసుకుంటాను. ఇప్పుడు మోటారుని నమ్మమంటావా?”

“మోటారుకి నీ మీద పగేముంటుంది?”

“మోటారుకి లేకపోవచ్చు. అమ్మేవాడికి ఉండొచ్చుగా!”

అయినా నొప్పి ఆమెని ఆలోచనలో పడేసింది. మోటారు లేని రకం ఫీడర్లూ ఉన్నాయి గానీ, వాటి పొడవాటి గొట్టాల్లో గుండ్లని ఒక్కోటీ చేత్తోనే పేర్చాలి. అంటే మళ్లీ ఆ బొటనవేలే. కాబట్టి మోటారు గిన్నె తప్పదు. గేలెన్ కొత్త ప్రెస్ కొనుక్కోవడంతో అతని పాత ఫీడర్ ఖాళీగా పడుంది. “తీసుకుపో, దుమ్ము పడుతోంది” అన్నాడు. ఊరికే ఎందుకిస్తున్నాడా అని ఆమె ఇంటికెళ్లేదాకా ఆలోచిస్తూనే ఉంది.

ఆ ఫీడర్ ఒక కంపెనీది, ఆమె ప్రెస్ మరో కంపెనీది. ఒకదానికొకటి అతకదు. లేతు మీద ఒక రింగు తిప్పి వదులు సరిచేసింది. పాత కోతయంత్రం రేకుని వంచి గిన్నెకి నిలువు కాలు చేసింది. సాయంత్రాలు గిడ్డంగి మూసేశాక గేలెన్ వచ్చి ఎత్తు సరిచూసేవాడు. గిన్నెలో పళ్లెం తిరిగేది. తలకిందులుగా వచ్చిన గుండు అంచు దగ్గర బోర్లపడి, మొన పైకి పెట్టుకుని గొట్టంలోకి జారేది. ఆర్డిస్ చాలాసేపు కళ్లార్పకుండా చూసింది.

ఒక సాయంత్రం గుండు ఒకటి మొన కిందికి పెట్టుకుని దిగింది. ఆమె చూసి తీసేసింది. మర్నాడు పొద్దున ఒక్కటీ తప్పలేదు. సాయంత్రం గేలెన్ వచ్చి కాఫీ తాగుతుండగా మళ్లీ తలకిందులు. ఆ మరుసటి రోజూ అంతే. పొద్దున తనొక్కతే ఉన్నప్పుడు బుద్ధిగా నడిచే యంత్రం గేలెన్ అడుగుపెట్టగానే ఎందుకు చెడుతోంది? సీనియర్ల పోటీలో ఏటా తన వెనకే నిలబడుతున్నాడు కదా. మంచినీళ్లకని తాను లోపలికి వెళ్లినప్పుడు గిన్నె దగ్గర ఏం చేస్తున్నాడు?

తను లేనప్పుడు ఎవరైనా దూరితే తెలిసేలా గ్యారేజీ తలుపుకి అడ్డంగా నల్లదారం కట్టింది. అంతటితో ఆగక, పోటీలు నడిపే మెర్ల్‌తో, “గేలెన్ నా మెషీన్ కెలుకుతున్నాడు. చూస్తూ ఉండు” అంది. మెర్ల్ నోట్లో మాట ఎక్కువసేపు ఆగదు.

గేలెన్ సరాసరి గ్యారేజీకి వచ్చాడు. “నేనిచ్చిన ఫీడర్‌ని నేనే పాడుచేస్తున్నానా?”

“నువ్వొచ్చినప్పుడే గుండ్లు తిరగబడుతున్నాయి. ఎందుకో నువ్వే చెప్పు.”

“నేనొచ్చేసరికి సూర్యుడు కూడా దిగుతున్నాడు. దాన్నీ నేనే కిందికి లాగుతున్నానా, తల్లీ?” టోపీ తలకి బిగించుకుని వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుంది ఆర్డిస్. మర్నాటి సాయంత్రం దారం తెగలేదని చూసుకుని, తలుపు తీసి, ధీమాగా పిడి లాగింది. కాసేపటికే గుండొకటి మొన కిందికి పెట్టి దిగింది. ఆమె చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. గిన్నెలోంచి ఒక గుండు తీసింది. అది వేలికి అంటుకుంది. గుండు చుట్టూ గాడుల్లో జారుడు కోసం రాసిన మైనం మెత్తబడింది. పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా గిన్నె మీద పడుతోంది. మైనం అంటుకున్న గుండ్లు అంచు దగ్గర బోర్లపడకుండా అలాగే జారిపోతున్నాయి.

కిటికీకి గోనెసంచి వేలాడదీసింది. మైనం చల్లారాక నడిపితే ఒక్కటీ తప్పలేదు. పని చక్కబడినందుకు సంతోషించాల్సింది. కానీ చెవులు కాలిపోతున్నట్టనిపించింది.

కోతల రోజులు. గిడ్డంగి ముందు లారీలు బారులు తీరాయి. డ్రైవర్ల మధ్య మెర్ల్ కూడా ఉన్నాడు. అతను ఉండటమే మేలనుకుని, అందరికీ వినపడేలా చెప్పింది ఆర్డిస్. “తప్పు మైనానిది. ఎండకి కరిగింది. గేలెన్ ఏమీ ముట్టుకోలేదు. నేనే నోరు జారాను.”

గేలెన్ తూకం మీంచి కళ్లు ఎత్తలేదు. “మైనం సంగతి నాకూ తట్టలేదులే. కానీ అనుమానం వస్తే నన్ను అడగాలి. మెర్ల్‌ని కాదు.”

“నిజమే.”

“సరే, పక్కకి జరుగు, లారీ వస్తోంది.”

అతను మళ్లీ ఆమె గ్యారేజీకి రాలేదు. పోటీల్లో కలిసినప్పుడు వానల గురించీ గోధుమ ధర గురించీ మాట్లాడేవాడు, అంతే. ఆర్డిస్ మైనం లేని గట్టి పూత గుండ్లకి మారింది. వాటి మొన కాస్త మొద్దు కావడంతో పళ్లెం అంచుని మళ్లీ ఆకురాయితో సరిచేయాల్సివచ్చింది. ఆ పని ఒంటరిగానే చేసింది. ఎత్తు సరిచూడ్డానికి ఇంకో మనిషి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

సెప్టెంబరు పోటీలో గేలెన్ ఆమెని మొదటిసారి ఓడించాడు. ఎవరెంత సేపట్లో కాల్చారో మెర్ల్ చదువుతుంటే, ఆ గడియారం సరిగా నడుస్తోందా అన్న మాట ఆర్డిస్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేసింది. నడిచివెళ్లి గేలెన్‌కి చెయ్యి అందించింది. అతను ఆమె మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసి, ఆ తర్వాతే చెయ్యి కలిపాడు.