బసవయ్య నవరంగ్ పిట్ట

బసవయ్యకు ఖాళీ జాగా కనిపిస్తే చాలు, అక్కడ పిట్ట వాలాల్సిందే. ధూల్‌పేట్‌లో వినాయకులకు రంగులు వేసే ఈ పెద్దమనిషి ఎప్పుడో వికారాబాద్ అడవిలో నవరంగ్ పిట్టను చూశాడు. ఆకుపచ్చ వీపు, నీలం రెక్క, కళ్ల మీదుగా నల్లపట్టీ, పొట్ట కింద కుంకుమ ఎరుపు. తోక మాత్రం పేరుకే. ఆనాటి నుంచి స్కూటర్ మీద పిట్ట, నీళ్ల డ్రమ్ము మీద పిట్ట, ఆదమరిచి నిద్రపోయిన బావమరిది బట్టతల మీద పిట్ట.

అంతటితో ఊరుకుంటాడా? పొద్దున, సాయంత్రం ఆ పిట్టలాగే ఈల వేస్తాడు. అది ఎండుటాకులు తిరగేసి పురుగులు ఎలా ఏరుకుంటుందో చూపిస్తానని లుంగీ ఎగ్గట్టి గల్లీలో గెంతుతాడు. కుక్కలు సైతం తప్పుకుని దారి ఇస్తాయి.

పక్క షెడ్డు రాజమణి ఇదంతా చూసి పగలబడి నవ్వేది. కానీ ఈ ఏడు ఆమెకు నవ్వు రావడం లేదు. చికున్‌గున్యా జ్వరం పోయినా చేతి వణుకు పోలేదు. కుంచె జారుతోందని బయటపడితే బేరాలు పోతాయి, షెడ్డు మూతపడుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే, ఆమె రంగులేసిన వినాయకుల మీద పిట్టలు!

"గిదేందన్నా? గణపతికి ఎలుకుంటది గని పిట్టెక్కడుంటది?"

"ఎలుకెప్పుడు కాళ్లకాడనే ఉంటది చెల్లె. పైన గూడ ఒకరు తోడుండాలె గద!"

"బేరం జేస్కున్న జల్‌పల్లోళ్లు వద్దంటే నువ్వు కొంటవా?"

"ఫికర్ జెయ్యకు. ఇది మస్తు మంచి పిట్ట."

రాజమణి తిట్టుకుంటూ తడిగుడ్డ తీసుకుని ఒక వినాయకుడి భుజం మీది పిట్టను తుడవబోయింది. నీలం రెక్క చెరిగింది. దాని కింద తన కుంచె జారిన వంకర గీత! మిగతావి చూసింది. ఎక్కడ చెయ్యి వణికిందో అక్కడే పిట్ట ఉంది. గీత తిన్నగా వచ్చిన చోట ఒక్క ఈక కూడా లేదు. గుడ్డ పక్కన పడేసి, చెరిగిన రెక్కను తనే దిద్దింది. ఆమెకు ఆ పిచ్చి మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతలో జల్‌పల్లి కాలనీ తరఫున ఎల్లేష్ దిగాడు. "గీ పిట్ట లొల్లేంది?"

రాజమణి నోరు తెరిచేలోపే బసవయ్య ఈలేసి రెండు గెంతులు గెంతాడు. ఎల్లేష్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"పోరలు ఖుష్ అయితరు! అన్నీ తీస్కపోత. గని గీ మూలదానికేది పిట్ట?"

ఆ ఒక్కదానికే రాజమణి చెయ్యి వణకలేదు. ఆమె కుంచె ముంచి, దాని భుజం మీద కావాలనే ఒక వంకర గీత గీసింది. తర్వాత బసవయ్య వైపు తిరిగి, పిట్టలాగే ఈల వేసింది.