పలకముక్కల కార్బన్

మా సైన్సు సారు పోయారన్న కబురు నేను గిద్దలూరు కాలేజీలో పాఠం చెబుతుండగా వచ్చింది. ఇంటర్ పిల్లలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదలుపెట్టిన రోజు అది. మార్కాపురం నుంచి, నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలి ఫోను. బయటికొచ్చి తీశాను. "మన సైన్సు సారు పోయినారంట మే. తెల్లారి టీ తాగి కూచున్నాయన కూచున్నట్టే పోయినారంట" అంది. ఫోను పెట్టేసి లోపలికి వెళ్లి, బోర్డు మీద సగంలో ఉన్న మీథేన్ బొమ్మ పూర్తి చేశాను. సగంలో వదిలేసి ఉంటే ఆయన ఊరుకునేవారు కాదు.

మాది మార్కాపురం. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న పలకలు మా ఊళ్లోనే పుట్టాయి. మా బడిలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు పలకల షెడ్డుకు వెళ్లేవాళ్లే, మా నాయన కూడా. షెడ్ల బయట విరిగిన పలకముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. వాటి ముఖం చూసేవాళ్లు లేరు, మా సారు తప్ప. ఆయన దారిన పోతూ సైకిలు ఆపి, ఇస్త్రీ ప్యాంటుతోనే గొంతుక్కూచుని, అరచేతిలో పట్టే ముక్కలు ఏరి సంచిలో వేసుకునేవారు. ఎందుకంటే మా బడిలో ప్రయోగశాల అంటే తాళం పడిన ఒక బీరువా. తాళంచెవి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

పలకముక్క కార్బన్. నల్లగా ఉంటుంది కనుక బాగానే కుదిరింది. నాలుగు అంచులకూ నాలుగు గాట్లు పెట్టి, గాటుకొక బలపం ముక్క లక్కతో అంటించేవారు. ఒక్కో బలపం కొసన హైడ్రోజన్‌గా ఒక రేగుపండు. అదీ మా మీథేన్. "కార్బన్‌కు నాలుగు చేతులురా. ఒక్క చెయ్యి కూడా ఊరికే ఉండదు. ఎవురినో ఒకరిని పట్టుకోందే దానికి నిద్ర పట్టదు" అనేవారు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మా మీథేన్‌లో హైడ్రోజన్లు మాయమయ్యేవి. ఆయనకు కోపం రాదు. "తిన్నోళ్లు లేచి ఈథేన్ గురించి చెప్పండి" అనేవారు. ఎవరమూ లేచేవాళ్లం కాదు. బెంచీల కింద గింజలు మాత్రం దొరికేవి.

వంటగ్యాసు, మోటారు సైకిల్లో పెట్రోలు, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి మైనం, ఇవన్నీ ఒకే ఇంటివని ఆయన చెబితే మేం మొదట నమ్మలేదు. "అన్నిట్లో ఉండేది కార్బనూ హైడ్రోజనే. గొలుసు పొడుగే తేడా. పొట్టోడు గాలై ఎగిరిపోతాడు, నడిమోడు నీళ్ల మాదిరి పారతాడు, పొడుగోడు మైనమై కూచున్న చోటు వదలడు." పొడుగోడి మాట వచ్చినప్పుడు ఆయన చూపు చివరి బెంచీ మీదికి పోయేది. ఈథీన్‌లో రెండు కార్బన్ల మధ్య రెండు బలపాలు పక్కపక్కనే పెట్టి, "జోడు బంధం గట్టిదే. అయినా కొత్తోడొచ్చి తలుపు కొడితే ముందు తెరిచేది ఈ ఇంటోళ్లే" అనేవారు. ఇప్పటికీ సంకలన చర్యలు చెప్పేటప్పుడు నా నోట ఆ మాటే వస్తుంది. అంతకంటే మంచిది నాకు దొరకలేదు.

నేను తొమ్మిదిలో ఉండగా పొదిలిలో సైన్స్ ఫెయిర్ పెట్టారు. మా పలక మీథేన్‌ను సంచిలో పెట్టుకుని నేనూ సారూ బస్సెక్కాం. జడ్జిగా వచ్చిన పెద్దాయన మా బల్ల దగ్గర ఆగి, "మీథేన్ ఏ ఆకారంలో ఉంటుందమ్మా?" అని అడిగారు. చేతిలో ఉన్నది చూసి, "బల్లపరుపుగా ఉంటుంది సార్, పలక మాదిరి" అన్నాను. ఆయన నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. "మార్కాపురం వాళ్లు కదా, కార్బన్‌ను కూడా పలక చేసేశారు" అన్నారెవరో. బస్సులో దారి పొడవునా ఏడ్చాను. సారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొస్తే నాయన, "పదిమందిలో నవ్వులపాలయ్యే చదువు మనకెందుకమ్మా? ఈ ఏడాది కానిచ్చి షెడ్డుకు రా, పని నేర్చుకుందువు" అన్నాడు. సరేనన్నాను. కోపంతో కాదు, నిజంగానే నాకు మళ్లీ ఆ బల్లల మధ్య నిలబడాలని లేదు. నా చదువు అక్కడితో అయిపోయేదే.

మర్నాడు సారు క్లాసులోకి వచ్చి, పుస్తకం తెరవకుండానే అన్నారు. "నిన్న పొదిల్లో తప్పు చెప్పింది ఆ పిల్ల కాదు, నేను. బల్లపరుపు బొమ్మ చేతికిచ్చినా. చూసిందే చెప్పింది." బడిలో ఒక పెద్దమనిషి అలా అనడం మేమెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు, సైకిలు నడిపించుకుంటూ. మా సందులో పల్లేరుకాయలు ఎక్కువ, టైరులో గాలి పోయింది.

అరుగు మీద కూర్చుని, "అన్నా, ఇంకొక్క ఏడాది పిల్లను నాకియ్యి" అంటూ టైరులోంచి పల్లేరుకాయ పీకారు. మాట అక్కడే ఆగిపోయింది. ఆ కాయను నేల మీద వేశారు. తీసి మళ్లీ వేశారు. ఇంకోటి పీకి అదీ వేశారు. నాయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"చూడన్నా, ఇది ఎట్ల పడినా ఒక ముల్లు పైకే ఉంటాది."

"పల్లేరంటే అంతే కద సారూ. కాళ్లు ఉండేవాళ్లకందరికీ తెలుసు" అన్నాడు నాయన.

"మీథేన్ కూడా ఇంతే. పుస్తకంలో ఉంది, నేనే బొమ్మ చెయ్యలేకపోయినా. నాలుగు చేతులూ ఒకదానికొకటి ఎంత దూరం జరగాల్నో అంత దూరం జరిగితే, ఎట్ల పడేసినా మూడింటి మీద నిలబడి ఒకటి పైకెత్తుతాది."

వచ్చిన పని ఆయన పూర్తిగా మరిచిపోయారు. నాయనే గుర్తుచేశాడు. "సరే సారూ, మీ కార్బన్ అట్ల నిలబడితే పిల్ల చదువుతాది. లేకుంటే షెడ్డే."

ఆ తర్వాత మా సారు విరగ్గొట్టిన పలకలకు అంతు లేదు. రెండు ముక్కలకు సగం దాకా రంపపు కోత పెట్టి, ఒకదాన్ని నిలువుగా ఉంచి, రెండోదాన్ని దానికి అడ్డంగా కోతలో దించాలి. ఒక ముక్కకు పై మూలల్లో రెండు బలపాలు, రెండో ముక్కకు కింది మూలల్లో రెండు. చెప్పడానికి ఇంతే. కోత కొంచెం లోతయితే పలక ఫట్‌మని పోయేది. వేళ్లకు గుడ్డపీలికలు కట్టుకుని పాఠాలు చెప్పారు. చివరికి ఒకరోజు మా ఇంటి ముందు ఇసుకలో వేస్తే, మూడు బలపాల మీద నిలబడి నాలుగోది ఆకాశం వైపు చూపించింది. నాయన లోపలికి వెళ్లి నా పుస్తకాల సంచి తెచ్చి నా చేతికిచ్చాడు.

మరుసటి ఏడాది మళ్లీ పొదిలి. మళ్లీ అదే జడ్జి. నన్ను గుర్తుపట్టి, నవ్వు ఆపుకుంటూ, "ఈసారి మీథేన్ ఏ ఆకారంలో ఉందమ్మా?" అన్నారు. జవాబు చెప్పకుండా మా కార్బన్‌ను బల్ల మీదికి విసిరాను. బలపం విరిగితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. విరగలేదు. నిలబడింది. ఆయన తీసుకుని తనే విసిరారు. మళ్లీ నిలబడింది. ఎన్నిసార్లు వేశారో, వేసిన ప్రతిసారీ ఒక తెల్లటి బలపం పైకి లేచింది. నవ్విన హాలే లేచి చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి మా బడికి. వెనక వరసలో సారు చప్పట్లు కొట్టలేదు. నాలుగు వేళ్లు పైకెత్తి చూపించారు. అప్పటినుంచి పాత విద్యార్థి ఎవరు ఎదురైనా ఆయన నమస్కారం అదే.

ఆ కార్బన్ ఇన్నాళ్లూ మా నాయన ఇంట్లో టీవీ పక్కన ఉంది. సారు సంతాప సభకు దాన్ని తీసుకెళ్లి, బడి ఆవరణలో ఆయన ఫోటో ముందు బల్ల మీద పెట్టాను. ఎన్ని బ్యాచీల పిల్లలో వచ్చారు. నర్సులు, లారీ డ్రైవర్లు, టీచర్లు, షెడ్డు నుంచి నేరుగా పలకల దుమ్ముతో వచ్చినవాళ్లు. ఎవరో మాట్లాడుతుండగా గాలికి బల్లగుడ్డ లేచి, కార్బన్ జారి ఇసుకలో పడింది. అందరూ అయ్యో అన్నారు.

అది మూడు బలపాల మీద నిలబడి, నాలుగోది పైకెత్తి ఉంది.

సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేనైతే ఆపలేదు. మా నాయన కూడా కొట్టాడు. సభ అయిపోయేదాకా దాన్ని అక్కడి నుంచి ఎవరూ తియ్యలేదు. ఫోటోకు దండ వెయ్యడానికి వచ్చినవాళ్లంతా దాని పక్కనుంచి జాగ్రత్తగా తిరిగి వెళ్లారు.