మాస్కు తియ్యనివ్వని బాబాయి

సెక్టర్ 4లో మా పక్క క్వార్టరు బాబాయి పోయిన సంగతి నాకు మాటలతో తెలియలేదు. పొద్దున్న బట్టలారేస్తుంటే పిన్ని నడుమ గోడ దగ్గరకొచ్చి, రెండు చేతులూ తల పైకెత్తి అడ్డంగా పెట్టింది. బాబాయి పనిచేసిన మిల్లులో, మిషను ఆపెయ్యమని చెప్పే సైగ అది. నేను చుట్టూ తిరిగి వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. మాకు చుట్టం కాదు, మా వైపు మనిషని బాబాయి అన్నాం. ముసలితనంలో చెవులు మందగించాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. మిల్లు మోతలో అలవాటైన పనేనట. సాయంత్రాలు ఆ గోడ దగ్గర ఎవరో ఒకరు నిలబడి కబుర్లు చెప్పేవారు.

కరోనా వచ్చి అందరి నోళ్లూ మూతబడ్డాయి. ఆయనకు మాటలు అందడం మానేశాయి. ఓ నిమిషం మాస్కు దించి మాట్లాడితే సరిపోయేది. దించనిచ్చేవాడు కాదు. పిన్నికి ఆయాసం. ఆ రోగం ఇంట్లోకి వస్తే ఆవిడ తట్టుకోలేదని ఆయన భయం.

పాలవాడు మాస్కు గడ్డం కిందకి లాక్కుని వస్తే గేటు తీసేవాడు కాదు.

"భయ్యా, గడ్డంతో ఊపిరి తీస్తావేటి? నాక్ పే, నాక్ పే!" అని తన ముక్కు మీద వేలు పెట్టి చూపించేవాడు.

ఓసారి నేనూ దించాను. చటుక్కున మొహం ఇంటివైపు తిప్పేసుకున్నాడు. నేను పెట్టుకునేదాకా తిరగలేదు. తిరిగి, "ఇప్పుడు సెప్పమ్మీ" అన్నాడు. ఇప్పుడు చెబితే ఏం తెలుస్తుంది? ఇద్దరికీ నవ్వొచ్చింది. నా నవ్వు ఆయనకు కనబడలేదు.

పెదవులు కనబడతాయని ప్లాస్టిక్ షీల్డు కొని పెట్టుకెళ్లాను. దూరం నుంచే దాని కింది ఖాళీ వేలితో చూపించాడు.

"కిటికీ మూసీసి తలుపు తెరిసీసినట్టుంది. గాలి కిందనుంచి రాదేటి?"

"ఈ మడిసికి కబుర్లు లేకపోతే తిండి దిగదమ్మీ," అంది గుమ్మంలోంచి పిన్ని. "నా కోసం నోరు కట్టీసుకున్నాడు."

ఆ మాట ఆయనకు వినబడలేదు.

అప్పుడే నాకు మిల్లు సైగలు నేర్పాడు. అరచెయ్యి కిందకి ఊపితే నెమ్మది. బొటనవేలు పెదవుల దగ్గర పెడితే టీ. అంతకు మించిన సంగతులు, పక్క పేట కోహ్కాలో ఎవరు పోయారు, ఎవరి పిల్లాడికి జ్వరం, చేతులకి అందేవి కావు. 'ఇంకా ఏటి?' అన్నట్టు చూసి, నేను చేతులు దించేస్తే లోపలికి వెళ్లిపోయేవాడు.

పిన్నికి ఆ రోగం రాలేదు. మాస్కుల వల్లో అదృష్టమో నేను చెప్పలేను. ఆయన మాత్రం మాస్కే అని నమ్మాడు. "ఊపిరుంటే కబుర్లు తర్వాతైనా ఆడుకోవొచ్చు" అనేవాడు. మాస్కులు పోయాయి గానీ, గోడ దగ్గర ఆగే అలవాటు జనానికి తప్పిపోయింది. సాయంత్రం కుర్చీ వేసుకుని, రోడ్డున పోయేవాళ్ల పెదవులకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరినీ తప్పుపట్టలేదు.

దినాలయ్యాయి. పిన్నికి చెవులు బాగానే వినబడతాయి. నాకు నోరుంది. అయినా ఆవిడ సాయంత్రం గోడ దగ్గరకొచ్చి, బొటనవేలు పెదవుల దగ్గర పెట్టి నాకేసి చూస్తుంది. నేను తల ఊపుతాను. ఆవిడ వెనక కుర్చీ ఇంకా రోడ్డువైపే తిరిగి ఉంది.