కాశ్యప గోత్రం నేనిచ్చిందే

1961లో కుందుర్పి చుట్టుపక్కల ఊళ్లకు నేనే పురోహితుణ్ణి. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి. చేయించుకునేవాడి పేరు, గోత్రం అందులో రావాలి. ఆ మెట్ట రైతుల్లో చాలామంది "గోత్రమా? మాకు తెలీదు సామీ" అనేవాళ్లు. తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పడం మా వృత్తిలో వాడుకే. నేనూ అదే చెప్పేసి, హాయిగా తర్వాతి ఊరికి నడిచేవాణ్ణి.

ఆ మాఘమాసంలో ఓబులేసు కూతురు గంగమ్మ పెళ్లికి లగ్నపత్రిక రాయడానికి కూర్చున్నాను. వరుడి తండ్రి తిప్పన్నది పక్క ఊరు. ఇల్లంతా నవ్వులు, వేళాకోళాలు. గోత్రాలు చెప్పమన్నాను.

"కాశ్యప గోత్రం" అన్నాడు ఓబులేసు దర్జాగా.

తిప్పన్న ముఖం పాలిపోయింది. "మాదీ అదే కదప్పా! ఒకే గోత్రమంటే పిల్లా పిలగాడూ అన్నాచెల్లెండ్లు అయితారే!"

తాంబూలం పళ్లెం ఎత్తబోయినవాళ్లు మళ్లీ దించేశారు. తలుపు చాటున ఉన్న గంగమ్మ నేరుగా నా ముందుకే వచ్చింది.

"సామీ, నిన్నటిదాంకా మొగుడనుకున్న ఆయప్పను ఇప్పుడు అన్నా అని పిలవల్లా?" అంది. కళ్లనిండా నీళ్లు, గొంతునిండా కోపం.

"మీకు ఈ గోత్రం ఎవరు చెప్పినారు?" అని పెద్దవాళ్లిద్దరినీ అడిగాను.

"మీరే! కొత్తింట్లో చేరినప్పుడు" అన్నాడు ఓబులేసు.

"మాకూ మీరే సామీ! సత్యనారాయణ వ్రతంలో" అన్నాడు తిప్పన్న.

గోత్రం తెలియదన్న వాళ్లందరికీ నేను చెప్పేది అదేనన్నాను. తప్పు నాదేనని ఒప్పుకుంటుంటే చెవులు వేడెక్కాయి. అయినా తిప్పన్న భయం తీరలేదు.

"మరి అసలు గోత్రమేంది? అదీ ఒకటే అయితే?"

ఆకూవక్కా నములుతూ గోడకు ఆనుకుని కూర్చున్న తిప్పన్న తల్లి పకపకా నవ్వింది. "దీనికింత గోలేందిరా! మనం తంగేడు వంశం. తంగేడు పుల్ల పొయ్యిలో పెట్టం. ఏమప్పా ఓబులేసూ, మీ ఇండ్లల్లో ఏ చెట్టు ముట్టరు?"

"కానుగ ముట్టమవ్వా. కానుగ పుల్లతో పండ్లు కూడా తోమం."

"ఇంకేం! అదొక వంశం, ఇదొక వంశం. రాయి సామీ!"

గోత్రం రాసే చోట వరుడిది తంగేడు, వధువుది కానుగ అని రాశాను. గంగమ్మ కళ్లు తుడుచుకుని, నా వంక చూసి ఫక్కున నవ్వి లోపలికి పోయింది. పెళ్లిపీటల దగ్గర ఆ రెండు పేర్లూ ఊరంతా వినేలా చదివాను.

ఆ తర్వాత ఎవరైనా గోత్రం తెలియదంటే నేను కాశ్యప అనలేదు. ఇంట్లో పెద్దావిడను పిలిపించి, "మీరు ఏ చెట్టు ముట్టరవ్వా?" అని అడిగేవాణ్ణి. తడుముకోకుండా చెప్పేవాళ్లు. అన్నేళ్లూ వాళ్లకు గోత్రమే లేదనుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.