జాకీల మీద పడని బరువు

ఊరినిండా ఇళ్లు నిలబెట్టే ఇంజనీర్లుంటే తనకు మాత్రం పడగొట్టేవాడు దొరికాడని ప్రొఫెసర్ భార్య చుట్టాల దగ్గర వాపోయేది. అందులో అబద్ధం లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన కాంక్రీటు స్తంభాలు పోయించడం, పాత క్వారీకి తీసుకెళ్లి మందుపెట్టి పేల్చడం, ఏది ఎంతకు విరిగిందో రాసుకోవడమే పనిగా బతికాడు. ఒక స్తంభం పోతే మిగతావి భవనాన్ని మోస్తాయా, లేక పేకమేడలా కూలుతుందా? ఆయన చదువంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఆయన పేల్చిన స్తంభాలన్నీ ఒకే మేస్త్రీ చేతివి. నిలువు చువ్వల చుట్టూ వేసే ఇనుప రింగుల కొసల్ని ఆ మేస్త్రీ ఒక్కొక్కటే లోపలికి వంచేవాడు. వంపు లేకపోతే దెబ్బకు రింగు విచ్చుకుంటుంది, స్తంభం నిలవదు.

ఒక మధ్యాహ్నం ఇరుకు సందులో ఐదంతస్తుల ఆఫీసు భవనం కింద గ్యాస్ పేలి మూల స్తంభం ఎగిరిపోయింది. నాలుగో అంతస్తులో పదకొండుమంది పొగలో చిక్కుకున్నారు. నిచ్చెన బండి సందులోకి రాదు, మెట్లే గతి. ఫైర్ ఆఫీసరు ప్రొఫెసర్‌ని పిలిపించాడు.

"మీరు ఊఁ అంటే మావాళ్లని పంపిస్తా సార్."

లెక్క ప్రకారం భవనం ఆగాలి. కానీ పక్క స్తంభానికి పెచ్చులూడి రింగులు బయటపడ్డాయి. ఒక్క కొసా వంచి లేదు. ప్రొఫెసర్ ఎవర్నీ పైకి పంపొద్దన్నాడు. ముందు స్లాబు పడకుండా కింద జాకీలు ఆనించి బిగించమన్నాడు. దానికి మూడు గంటలు పట్టింది. ఈలోగా పొగకు ఇద్దరు పోయారు.

భవనం మాత్రం పడలేదు. తొమ్మిది రోజుల తర్వాత దాన్ని యంత్రాలతో కూల్చారు. జాకీల కింద ఆయన పెట్టించిన మీటర్లు బిగించిన రోజు ఎంత బరువు చూపాయో, చివరిదాకా అంతే చూపాయి. అంటే భవనం బరువు వాటి మీద పడనేలేదు. ఆ సంగతి ఆయన ఫైర్ ఆఫీసరుకి ఒక్కడికే చెప్పాడు. జాకీలే కాపాడాయని రాసేద్దామనీ, ఎవరు చూడొచ్చారనీ ఆఫీసరు మంచిమాటగానే అన్నాడు. ప్రొఫెసర్ నివేదికలో మీటర్లు చూపిన అంకెలే రాశాడు.

విచారణ రోజు, పొగకు పోయిన ఇద్దరిలో ఒకరైన టైపిస్టుకు తమ్ముడు ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్ కూర్చున్న వరండాలోకి వచ్చాడు. అతను బస్సు కండక్టరు.

"అంటే జాకీలు లేకపోయినా ఆగేదా?"

"ఆగేది."

"అక్కని ముందే దింపుండొచ్చు."

"దింపొచ్చు."

"మరి మీరెందుకాపారు సార్?"

ప్రొఫెసర్ రింగుల సంగతి చెప్పాడు. కండక్టరు ఓపిగ్గా విన్నాడు.

"బయట అందరూ అలాగే కడతారా?"

"చాలామంది."

"మీరు పేల్చినవాటిలో అలాంటిది ఒక్కటైనా ఉందా?"

"లేదు. మావన్నీ సరిగ్గా కట్టినవే."

ప్రొఫెసర్ పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. కండక్టరు కూర్చోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోడవారన నిలబడి తన పేరు పిలిచేదాకా ఎదురుచూశాడు.