మొదటి వారం దెయ్యం చేప అడిగింది

దెయ్యాల సీరియల్ మొదలవుతోందని తెలిసిన రోజు నుంచి నాకు ఒకటే ఆరాటం. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, మరి టీవీలో వాటినెలా చూపిస్తారు? ఆ నటిని వెనక్కి నడిపిస్తారా? మా వీధి పిల్లలెవరికీ ఈ సందేహమే రాలేదు. వాళ్ళకి భయపడితే చాలు. నాకు చాలదు.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మేం కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్నకి రేవులో పని. పై వాటాలో ఇంటావిడ, మేమంతా మాసీమా అని పిలిచే బెంగాలీ ఆవిడ, ఒక్కతే ఉండేది. మా అమ్మని బౌమా అని, అంటే కోడలా అని, ఆప్యాయంగా పిలిచేది. టీవీ ఉన్నది ఆవిడ దగ్గరే. భర్త పోయినప్పటి నుంచి అంచులేని తెల్లచీరే కట్టేది, చేప ముట్టేది కాదు. వాళ్ళ ఆచారం అది.

ఆ ఏడే తాతయ్య పోతే, నాన్న శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి మామ్మని తీసుకొచ్చాడు. మామ్మ సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. చేప లేనిదే ముద్ద దిగేది కాదు. మా వాళ్ళలో మొగుడు పోయినంత మాత్రాన చేప మానే పద్ధతి లేదు. కానీ అమ్మకి మాసీమా అంటే మహా గౌరవం. ఇంటావిడే మానేసిన చోట తన అత్త తింటే ఏం బాగుంటుందని, మామ్మ కంచంలో చేప వేయడం మానేసింది. మామ్మని అడగలేదు. మామ్మ కూడా పైకి ఏమీ అనలేదు. మాకు పులుసు వడ్డిస్తుంటే అటు తిరిగి కూర్చుని పప్పన్నం తినేది. ఇంత చేపల ఊరికి తీసుకొచ్చి పప్పన్నం పెట్టడమేమిటని నాకు ఒళ్ళు మండేది.

సీరియల్ మొదలైన సాయంత్రం అందరం మాసీమా గదిలో చేరాం. బెంగాలీ రాదు గనక మామ్మ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. తెర మీద పల్లెటూరి వంటిల్లు. కోడలు చేపముక్కలు వేయిస్తోంది. కిటికీలోంచి ఒక ముసలి చెయ్యి లోపలికొచ్చింది. బయట తెల్లచీరలో ముసలావిడ, ముక్కుతో మాట్లాడుతూ ఏదో అడుగుతోంది. పిల్లలు కెవ్వుమన్నారు. నేను పాదాల కోసం మెడ సాచి చూశాను. గోడ అడ్డం! ఎంత తెలివైనవాళ్ళో.

"ఓలె గుంటా, ఏటడుగుతంది అది?" అంది మామ్మ.

"చేపముక్క అడుగుతంది మామ్మా. ఆ కోడలికి అత్తంట. సచ్చిపోయిందంట."

"బతికున్నప్పుడు పెట్టనేదేటి?"

"మొగుడు పోయినాడు గదా, పెట్టనేదంట."

మామ్మ తెరకి దగ్గరగా జరిగింది. "మరిప్పుడు పెట్టిందేటి?"

కోడలు పళ్ళెం వైపు చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లోడ్‌షెడ్డింగ్ మాకు కొత్త కాదు గానీ, ఆ రోజు నేను తిట్టుకున్నంతగా ఎవరూ తిట్టుకుని ఉండరు. మాసీమా లాంతరు వెలిగించింది. దెయ్యానికి చేప దక్కిందని కొందరు, లేదని కొందరు, పిల్లలు వాదులాడుకుంటూ ఇళ్ళకి పోయారు.

అప్పటిదాకా కదలకుండా కూర్చున్న మామ్మ మెల్లగా అంది. "నానూ సచ్చినాకే అడగాలేటి?"

అమ్మ తల దించుకుంది. ఆవిడేమంటోందని మాసీమా బెంగాలీలో నన్నడిగింది. చెప్పొద్దని అమ్మ కళ్ళతోనే సైగ చేసింది. చెప్తే మాసీమా ఏమంటుందో చూడాలన్న కుతూహలం ముందు అమ్మ కోపం నాకో లెక్క కాదు. మామ్మ ఏమన్నదీ, ఎందుకన్నదీ, మొత్తం చెప్పేశాను.

మాసీమా లాంతరు వత్తి తగ్గించింది, మళ్ళీ పెంచింది. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"మీ ముందు బాగుండదని..." అని నసిగింది.

"నాకోసమా?" అంది మాసీమా ఆశ్చర్యంగా. "అయ్యో, రేపే ఆవిడకి చేప పెట్టు."

మేం లేచాం. మాసీమా మెట్ల దాకా వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేయించేటప్పుడు కిటికీ మాత్రం మూయకు బౌమా. వాసన పైకి రానీ."