తట్టి చూసిన కారు

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు, గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే బస్సులో నా పక్కన ఒక గని కార్మికుడు కూర్చున్నాడు. పాత ఫ్రెంచి కారు కొనడానికి వెళ్తున్నాడు. చిన్నదే అయినా బాణంలా దూసుకుపోతుందట.

"విడిభాగాలు దొరకవు, తిరిగి అమ్మితే సగం ధర రాదు" అని లెక్క చెప్పాను.

"నీ లెక్క కరెక్టే అవ్వా, మా ఇంటామె గూడ గదే అంటది. కానీ మొన్న పోయినప్పుడు నేను కారు తలుపు తట్టి చూసిన. బొగ్గుబాయిల పైకప్పు గట్లనే తట్టి వింటం. బోలుగ మోగితే కూలుతది. ముప్పై ఏండ్లు ఈ చెవితోనే బతికిన. కారు గట్టిగ పలికింది."

బస్సు రేకు తట్టాడు. బోలుగా మోగింది.

"దీంట్ల కూసునుడే భయం" అని నవ్వాడు.

ఆ నెలలోనే నేను ఇల్లు కొన్నాను. కాగితాలు రెండుసార్లు సరిచూశాను. సంతకం పెట్టే ముందు, ఎవరూ చూడకుండా, ఆ ఇంటి గోడ తట్టాను.